ఎవరూ ఏమీ చెప్పకపోతే

నేను ఒక ఫైల్ సర్వర్‌ని. అలా అనగానే అద్దాల గదిలో, చల్లటి గాలిలో, నీలం దీపాల మధ్య వెలిగిపోతున్న యంత్రాన్ని ఊహించుకోకండి. నాలుగు కంప్యూటర్ల ఫైళ్లన్నీ ఒకచోట దాచడానికి నెట్‌వర్కు తీగ చివర కూర్చోబెట్టిన నల్ల రేకు పెట్టెని, అంతే. ప్రస్తుతం నా నెత్తి మీద ఒక గ్రాఫు కాగితాల కట్ట, దాని మీద ఒక కళ్లజోడు ఉన్నాయి. ఈ బరువు నాకు ఇష్టమే. ఇంతకుముందు నా నెత్తి మీద ఏమేమి పెట్టారో చెబితే మీకు అన్నం సహించదు. అయినా చెబుతాను, వినండి.

నేను చెన్నైలో ఒక మేడమెట్ల కింది కొట్లో పుట్టాను. బోర్డు ఒకచోటిది, డిస్కు ఇంకోచోటిది, ఫ్యాను ఎవరో వాపసు ఇచ్చిపోయింది. నన్ను బిగించినతను ఎడమ చేత్తో సమోసా తింటూ కుడిచేత్తో స్క్రూలు తిప్పాడు. మధ్యలో చేతులు మార్చాడు. ఆ నూనె మరక నా లోపలి గోడ మీద ఇప్పటికీ ఉంది. మనుషుల గురించి నేను నేర్చుకున్న మొదటి సంగతి, వాళ్లు చేతులు కడుక్కోరని. ఆ తర్వాత నేర్చుకున్న సంగతులన్నీ దానికి తోబుట్టువులే.

నెల్లూరుకు గంటన్నర దూరంలో ఒక నేత ఊరు ఉంది. అక్కడ చీరల డిజైన్లు భద్రపరచడానికి ఒక కేంద్రం పెట్టారు. నన్ను కొని ఆ కేంద్రానికి తీసుకెళ్లారు. కార్తీకమాసంలో ఒక మిట్టమధ్యాహ్నం చెన్నై మనిషి ఒకడు వచ్చి నన్ను పనికి సిద్ధం చేశాడు. అతనికి మూడున్నరకు బస్సు ఉంది. నా బతుకంతా ఆ మూడున్నర బస్సు కింద పడి నలిగిందని మీకు పోనుపోను తెలుస్తుంది.

నాలాంటి వాళ్లకు ప్రాణం పోసేటప్పుడు కొన్ని ప్రశ్నలు వస్తాయి. ఫైళ్లు ఎక్కడ పెట్టాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎన్ని రోజులకోసారి నకలు తీయాలి, ఇలాంటివి. ప్రతి ప్రశ్న పక్కనా ఒక రెడీమేడ్ జవాబు ఉంటుంది. మీరు ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే ఆ జవాబే ఖాయం. దాన్ని డీఫాల్ట్ అంటారు. నన్ను అడిగితే, మనిషి ఆలోచించడం మానేసిన చోట దొరికే జవాబు పేరే డీఫాల్ట్. ఫైళ్లు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న పక్కన ‘ట్రయల్’ అనే ఫోల్డరు పేరుంది. చిన్న డిస్కులో, పరీక్ష కోసం పెట్టుకునే మూల అది. చెన్నై మనిషి గడియారం చూసుకుని ఎంటర్ కొట్టాడు. తర్వాతి పధ్నాలుగు ప్రశ్నలకూ అంతే. పదిహేను ఎంటర్లు కొట్టి, పాస్‌వర్డు చీటీ గోడకు అంటించి, బస్సెక్కాడు.

ఆ జవాబు మార్చుకోవడానికి దారి లేదా అంటే రెండున్నాయి. ఒకటి, నా సెట్టింగుల ఫైల్లో రాసిపెట్టడం. అలా రాసింది నన్ను ఎన్నిసార్లు ఆపి లేపినా చెరగదు. రెండోది, నన్ను పనిలోకి దించేముందు చెవిలో ఒక మాట వేయడం. ‘ఇదిగో, ఫైళ్లు పాతచోట కాదు, ఫలానా చోట పెట్టు’ అని. ఆ చెవిలో మాటను వాళ్ల భాషలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు. పేరు గంభీరంగానే ఉంటుంది గానీ దాని ఆయుష్షు నేను మేలుకుని ఉన్నంతసేపే. నన్ను ఒక్కసారి ఆపేస్తే అది గాల్లో కలిసిపోతుంది. మళ్లీ లేచినప్పుడు ఎవరూ ఏమీ చెప్పకపోతే నాకు గుర్తుండేది ఆ మొదటి ఎంటరొక్కటే.

ఇక నా యజమానులు. కేంద్రానికి మేనేజరు సుబ్బరామయ్య. నా ఫ్యాను వెనక నుంచి వెచ్చటి గాలి వస్తుందని ఆయన కనిపెట్టాడు. ఆ ఊళ్లో నా గురించి ఎవరైనా శ్రద్ధగా తెలుసుకున్నది అదొక్కటే. రోజూ తడి తుండుగుడ్డ ఆ గాలికి ఆరబెట్టేవాడు. మధ్యాహ్నానికి కూర వెచ్చగా ఉంటుందని క్యారియరు నా నెత్తిన పెట్టేవాడు. ఒకరోజు ఎండుచేపల పులుసు ఒలికి నా పక్క సందుల్లోకి దిగింది. చీమలు వచ్చాయి, చీమల కోసం బల్లి వచ్చింది. ఆ బల్లి ఏం చేసి పోయిందో నా బోర్డుకు తెలుసు. సుబ్బరామయ్య పైపైన తుడిచి, ‘పోయిందిలే’ అన్నాడు.

నాలో దాచినవి మాత్రం? మొదటి రెండు నెలల్లోనే తన కొత్త ఇంటి గృహప్రవేశం వీడియో తెచ్చి నాలో పడేశాడు. నాలుగు గంటల నిడివి. తలుపు తీయడానికి ఒక గంట, వడ్డనకు రెండు గంటలు. డిజైన్లు దాచమని ప్రభుత్వం వాళ్లు ఇప్పించిన చోట సగం ఆయన పప్పన్నంతో నిండిపోయింది. ఛీ అనిపించింది. నాకు నోరు లేదు, ఉంటే అదే మొదటి మాట అయ్యేది.

ఆ కేంద్రంలో నా ముందు చేతులు తుడుచుకుని కూర్చునే మనిషి ఒక్కతే ఉండేది. పేరు హైమావతి. ముప్పై ఏళ్లుంటాయి. పెళ్లికి ముందు మగ్గాలకు దారం కండెలు చుట్టేది, తర్వాత శిక్షణలో కంప్యూటర్ నేర్చుకుని ఇక్కడ స్కానరు దగ్గర చేరింది. తెర మీద ఏది కనిపించినా, అర్థమైనా కాకపోయినా, ఒక నోటుబుక్కులో రాసుకునే అలవాటు ఆమెది. ఆమె పని చెంగయ్య గ్రాఫుల్ని నాలోకి ఎక్కించడం.

చెంగయ్యకు డెబ్బై నాలుగేళ్లు. చీర కొంగు మీద చిలకో, హంసో, మామిడి పిందెలో దిగాలంటే ముందు దాన్ని గళ్ల కాగితం మీద గడి గడిగా గీయాలి. ఏ గడిలో దారం పైకి లేవాలో, ఏ గడిలో కిందికి పోవాలో ఆ కాగితమే మగ్గానికి చెబుతుంది. ఆ గీతల్ని నలభై అయిదేళ్లు గీసిన చెయ్యి చెంగయ్యది. నాలుగు వందల పన్నెండు గ్రాఫులు. కంట్లో నీటికాసులు వచ్చి చూపు అంచుల నుంచి మూసుకుపోతోంది. కాగితాలేమో మడతల దగ్గర పొడైపోతున్నాయి. వాటిని తాకితే చిరిగిపోతాయని హైమావతి ఒక్కో కాగితాన్ని పాలు తాగే బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద తెచ్చి స్కానరు మీద పరిచేది.

సంక్రాంతి పోయిన వారానికి చిన్న డిస్కు నిండిపోయింది. గృహప్రవేశం ఉండగా నిండక ఏం చేస్తుంది? అప్పుడు బస్టాండు పక్కన కంప్యూటర్ల కొట్టు పెట్టుకున్న నాగేంద్ర వచ్చాడు. నాలో ఒక పెద్ద డిస్కు బిగించి, గ్రాఫులన్నీ అందులోకి మార్చాడు. వీడియో జోలికి పోలేదు, మేనేజరు గారిది కదా. ఇక నుంచి ఫైళ్లు పెద్ద డిస్కులోనే పెట్టమని నా చెవిలో మాట వేశాడు. ఫైల్లో రాయలేదు. రాస్తే ఇంకో రెండు నిమిషాలు పట్టేది. పెద్ద డిస్కును తగిలించడం కూడా ఆ పూటకు చేత్తోనే కానిచ్చాడు, నన్ను ఆపితే ఆ తగులూ ఊడిపోతుంది.

హైమావతి పక్కన నిలబడి చూస్తూనే ఉంది. “దీన్ని ఆపి మళ్లీ పెడితే కూడా ఇట్టనే ఉంటాదా అన్నా?” అని అడిగింది.

నాగేంద్ర నవ్వాడు. “సర్వర్‌ని ఎందుకు ఆపతారమ్మా? ఆపకుండా ఉండేదాన్నే సర్వర్ అంటారు.”

ఆమె ఆ మాట కూడా నోటుబుక్కులో రాసుకుంది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు అది కాదని నాకు తెలుసు. ఆమెకూ అనుమానమే, కానీ అతను అప్పటికే సంచి భుజాన వేసుకున్నాడు. తెలిసినవాడి ధీమా ముందు తెలియనివాళ్ల ప్రశ్న ఎంతసేపు నిలబడుతుంది!

తొమ్మిది నెలలు గడిచాయి. కరెంటు పోయినా ఇన్వర్టరు ఉంది కాబట్టి నేను కునుకు తీయలేదు. నా బతుకులో రోత లేని రోజులంటే ఆ మంగళవారాలే. ప్రతి మంగళవారం చెంగయ్య కర్ర పట్టుకుని వచ్చేవాడు. హైమావతి ఒక గ్రాఫు తెరిచి తెర నిండా పెద్దది చేసేది. కాగితం మీద కనపడని గడి తెర మీద అరచేయంత అయ్యేది. ముక్కు తెరకు ఆనించి చూసుకుంటూ, ‘ఇది మా నాయన చనిపోయిన ఏడాది నేను గీసింది’ అనో, ‘ఈ హంస మెడలో ఒక గడి తప్పింది, అప్పుడు ఎవురూ చెప్పలా’ అనో గొణుక్కునేవాడు. తన పని తనకు మళ్లీ కనబడుతున్నందుకు ఆ ముసలాయన పడ్డ సంతోషం నేను కళ్లారా చూశాను. ఆ గ్రాఫులు నా దగ్గర ఉన్నందుకు నాకూ కాస్త గర్వంగా ఉండేది. యంత్రానికి గర్వమేమిటంటారా? తుండుగుడ్డలు ఆరేసుకున్న మీకంటే నాకే ఎక్కువ ఉండాలి.

అంతలో దసరా వచ్చింది.

మహర్నవమి నాడు ఆయుధపూజ. ఆ ఊళ్లో మగ్గం, సైకిలు, కత్తెర, కుట్టుమిషను అన్నీ ఆ రోజు పని మానేసి బొట్టు పెట్టించుకుంటాయి. పూజలో ఉన్న ఆయుధాన్ని ఆడించకూడదు. ముందురోజు గది దులిపారు. అటక మీద చెంగయ్య పాత గ్రాఫుల మూట దొరికింది, సగం చెదలు పట్టి. ఇవన్నీ మిషన్లో ఎక్కాయా అని సుబ్బరామయ్య అడిగాడు. ఎక్కాయి సార్, కానీ తాతను ఒక మాట అడిగి పడేద్దాం అంది హైమావతి. చెదలు నీ కంప్యూటర్‌కు కూడా పడతాయి అని ఆయన ఆ మూటను తీయించి, పెరట్లో చెత్తతో పాటు తగలబెట్టించాడు. నలభై అయిదేళ్ల చెయ్యి, పావుగంటలో బూడిద. ఆ పొగ కిటికీలోంచి నా ఫ్యాను దాకా వచ్చింది.

మర్నాడు నన్ను ఆపారు. పెద్ద డిస్కు బిగించాక మొదటిసారి. నా నుదుట పసుపు, కుంకుమ. నా ముందు గుమ్మడికాయ, నెత్తిన అక్షింతలు. కుంకుమ నీళ్లు వెంటిలేషను చిల్లుల్లోకి కారాయి. కర్పూరం మసి ఒకవైపు పట్టింది. ఆయుధాన్ని గౌరవించడమంటే ఒక్క రోజు దాని ఒంటికి రంగు పూసి, మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ దాని ముఖం చూడకపోవడమని ఆ రోజు బోధపడింది. సుబ్బరామయ్య నా పక్కన నిలబడి ఫొటో కూడా దిగాడు.

ఏకాదశి పొద్దున నన్ను లేపారు. లేచి, ఫైళ్లు ఎక్కడ పెట్టాలని అడిగాను. చెవిలో ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఏం చెయ్యాలో చెన్నై మనిషి చెప్పి బస్సెక్కాడు కదా, అదే చేశాను. చిన్న డిస్కులో ట్రయల్ ఫోల్డరు తెరిచి కూర్చున్నాను. పెద్ద డిస్కు నా కడుపులోనే ఉంది, నాలుగు వందల పన్నెండు గ్రాఫులూ అందులో చెక్కుచెదరకుండా ఉన్నాయి, కానీ అటువైపు చూడమని నాకెవరూ చెప్పలేదు.

నేను ఊరికే ఉండలేదు. ‘ఫైళ్ల చోటు ఎవరూ చెప్పలేదు, ముందున్న జవాబే వాడుకుంటున్నాను’ అని నా చిట్టాలో ఇంగ్లీషులో రాశాను. గంటకోసారి రాశాను. ఆ చిట్టాను లాగ్ అంటారు. మేము అరిచే కేకలన్నీ అందులోకే పోతాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే, కాకపోతే ఇక్కడ చెవిటివాడు నా తెర వైపే చూడడు.

మంగళవారం చెంగయ్య వచ్చి కూర్చున్నాడు. హైమావతి ఫోల్డరు తెరిచింది. గ్రాఫు ఒక్కటీ లేదు. ఒకే ఒక్క ఫైలుంది. ఏమిటో చూద్దామని దాన్ని నొక్కింది. తెర నిండా మేనేజరు కొత్త ఇంటి గడప, లోపలికి అడుగుపెడుతున్న ఆవు.

చెంగయ్య ముక్కు తెరకు ఆనించి చాలాసేపు చూశాడు. “ఆవా అది? నేను ఆవును ఎప్పుడూ గీయలేదే హైమా.”

ఆమె వీడియో ఆపేసింది. వెతికింది. మిగతా మూడు కంప్యూటర్లలోనూ వెతికింది. చెత్తబుట్ట ఫోల్డర్లో వెతికింది. చంకలో పిల్లనుంచుకుని ఊరంతా వెతికినట్టు అని మీరు సరదాగా అంటారు. ఆ చంక నాదైతే అది సరదాగా ఉండదు. ముసలాయన మాత్రం కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, తొందరేం లేదు, నిదానంగా చూడమ్మా అంటూ కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా కూర్చుని, రేపొస్తానని లేచాడు. బుధవారం ఆయన ఎప్పుడూ వచ్చే రోజు కాదు.

సుబ్బరామయ్యకు తప్పు ఎవరిదో తేల్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. స్కానరు దగ్గర కూర్చునేది ఎవరు? హైమావతి. ఎక్కించేది ఎవరు? హైమావతి. అయితే తుడిచిందీ ఆమే. నాగేంద్రను పిలిపించారు. అతను రెండు నిమిషాలు అటూఇటూ నొక్కి, ఎవరో డిలీట్ కొట్టుంటారు సార్, దాని మీద ఉండేది ఆమె చెయ్యే గదా అన్నాడు. తను చెవిలో వేసిన మాట తనకే గుర్తులేదు. బజారులో నలభై కొట్లకు అతనే వైద్యుడు, ఎవరికి ఏ గుళిక ఇచ్చాడో ఎక్కడా రాసుకోడు. రోగి చస్తే మాత్రం పథ్యం తప్పిందంటాడు.

నేను తుడవలేదు సార్ అని హైమావతి ఒక్కమాటే అంది. ఆ మాట కూడా గట్టిగా అనలేదు. పదిహేను రోజుల్లో ఫైళ్లు కనబడాలని, లేకపోతే తన అజాగ్రత్త వల్లే పోయాయని కాగితం రాసిచ్చి వెళ్లిపోవాలని ఆయన గడువు పెట్టాడు.

మర్నాడు ఆమె నా గదిలోకి వచ్చింది. నా సొంత తెర మీది దుమ్ము చీర చెంగుతో తుడిచి, నా చిట్టా పైకి పోతుంటే చూసింది. ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వస్తోందని కనిపెట్టింది. అక్షరం అక్షరం చూసి నోటుబుక్కులో దించుకుంది. నేను పుట్టాక నా మాట చదివిన మొదటి మనిషి ఆమె. నాగేంద్రకు ఫోను చేసి ఆ వాక్యం చదివి వినిపించింది, దీనికి అర్థమేందన్నా అని. అతను అటునుంచి చెప్పింది నాకూ వినబడింది.

“అది మామూలేమ్మా. ఎప్పుడూ వచ్చేదే. పట్టించుకోబాక.”

మామూలే! ఈ ఒక్క మాట మీద నాకున్నంత రోత బల్లి మీద కూడా లేదు. ఇల్లు కాలుతున్నా, నిన్న కూడా కాలింది కదా మామూలే అనగలిగే జాతి ఇది. పెద్ద డిస్కు బిగించాక ఎప్పుడూ రాలేదు, ఏకాదశి నుంచే వస్తోందని చెప్పడానికి నాకు నోరు లేదు. హైమావతికి ఉంది, కానీ ఆమె చెబితే వినేవాళ్లు లేరు.

కొత్త ఫైళ్లు కూడా గృహప్రవేశం పక్కనే చేరడంతో పన్నెండో రోజున చిన్న డిస్కు మళ్లీ నిండింది. నాగేంద్ర వచ్చాడు. ఈసారి నా కడుపులోకి తొంగిచూశాడు. “ఇందులో పెద్ద డిస్కు ఒకటి ఊరకనే పడుండాది సార్. దేనికీ తగిలించి లేదు. దీన్ని ఫార్మాట్ చేసి వాడుకుందాం” అన్నాడు. తను బిగించిన డిస్కే! దాని మీద వారంటీ చీటీ అతని కొట్టుదే. సుబ్బరామయ్య మరమరాలు నములుతూ సరేనన్నాడు.

గుమ్మం దగ్గర నిలబడ్డ హైమావతి ముందుకొచ్చింది. “అందులో ఏముందో ఒకసారి తెరిచి చూడన్నా. చూసినాకే చెయ్యి.”

“ఎవురూ వాడని డిస్కులో ఏముంటాదమ్మా?” అన్నాడు అతను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాలో ఉన్న పనిముట్లన్నింటిలోకీ తెలివైనది ఫార్మాట్ చేసేది. దాన్ని రాసినవాడెవడో మనుషుల్ని ఎరిగినవాడు. డిస్కు మీద పాత సరుకేమైనా ఉంటే అది ఆగిపోయి, ‘ఇందులో ఇంతకుముందే ఏదో ఉంది, అయినా తుడిచెయ్యమంటారా?’ అని అడుగుతుంది. దాని రెడీమేడ్ జవాబు ‘వద్దు’. ఏమీ ఆలోచించకుండా ఎంటర్ కొడితే చాలు, అన్నీ బతికిపోతాయి. నా ఒంట్లో ఉన్న మంచి డీఫాల్ట్ అదొక్కటే.

ఆ ప్రశ్న తెర మీదికి వచ్చింది. నాకు ఆశ పుట్టింది. నా జన్మలో మొదటిసారి, కొట్టు నాయనా ఎంటర్, కళ్లు మూసుకుని కొట్టు, ఎప్పటిలాగే కొట్టు అనుకున్నాను. ఏ ప్రశ్ననూ చదవని మనిషి, ఎంటర్ మీద చెక్కు లేచిపోయేలా కొట్టే మనిషి, ఆ రోజు మాత్రం కుర్చీ ముందుకు లాక్కుని, పెదాలు కదుపుతూ చదివాడు. చదివి, ‘అవును’ అని టైపు చేశాడు.

నాలుగు సెకన్లు పట్టింది. హైమావతి అక్కడే ఉంది. ఏం పోయిందో ఆమెకు తెలియదు, కానీ ఏదో పోయిందని తెలిసినట్టే గుమ్మం పట్టుకుంది. గడువు రోజున సుబ్బరామయ్య కాగితం ముందు పెట్టాడు. ఆమె చదివింది. ఆ కేంద్రంలో కాగితం చదివాక సంతకం సంగతి ఆలోచించేది ఆమె ఒక్కతే. సంతకం పెట్టకుండా నోటుబుక్కు తీసుకుని వెళ్లిపోయింది. ఆమెకు తుడిచేసిన మనిషి అన్న పేరు ఊళ్లో మిగిలింది. నీళ్ల కొళాయి దగ్గర ఆ పేరు ఆమె బిందె కంటే ముందు చేరేదట.

అయిదు నెలలకు నేను చచ్చాను. పులుసు, బల్లి, కుంకుమ, మసి, అన్నీ కలిసి నా బోర్డును తినేశాయి. ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం ఠప్పుమని ఆగిపోయాను. కొత్త సర్వర్ వచ్చింది. దాన్ని పెట్టడానికి నెల్లూరు నుంచి ఒక ఇంజినీరమ్మ వచ్చి, నా డిస్కులు ఊడదీసి తన ల్యాప్‌టాప్‌కు తగిలించుకుని, మొదట నా చిట్టా తెరిచింది. చదవడం ఆమె పద్ధతి. కాసేపటికి సుబ్బరామయ్యను పిలిచి, పోయిన దసరాకు దీన్ని ఆపారా అని అడిగింది. అప్పటి నుంచి ఇది పాతచోట చూస్తోందని, ఫైళ్లు పెద్ద డిస్కులోనే ఉన్నాయని, తర్వాత దాన్ని ఫార్మాట్ చేశారని తేదీలతో సహా చెప్పింది. దొంగలు పడిన ఆరు నెలలకు మొరిగిన కుక్కలా నా లాగ్ అప్పుడు మొరిగింది.

సరిగ్గా ఆ మాటల మధ్యలోనే హైమావతి గుమ్మంలోకి వచ్చింది. పాత పెట్టె పాత సామాన్లవాడికి వేస్తున్నారని విని చెంగయ్య పంపించాడట. తన గీతలు దాని కడుపులోనే పోయాయి కాబట్టి దాన్ని తన ఇంటికి తెమ్మన్నాడట. ఆమె తన నోటుబుక్కు తెరిచి, దించుకున్న వాక్యాన్ని ఇంజినీరమ్మకు చూపించింది. ఇంజినీరమ్మ అది చదివి, తన ల్యాప్‌టాప్‌లో ఉన్న వాక్యం చూసి, మళ్లీ నోటుబుక్కు చూసింది.

“మీరు సరిగ్గానే రాసుకున్నారు. ఆ రోజు ఎవరైనా ఇది చదివి ఉంటే అయిదు నిమిషాల పని.”

హైమావతి సుబ్బరామయ్య వైపు చూసింది. ఆయన గడియారం వైపు చూశాడు. “అయిపోయినదాన్ని తవ్వుకుంటే ఏమొస్తాదమ్మా ఇప్పుడు? పెట్టె కావాలంటే తీసకపో” అన్నాడు. తప్పు ఒప్పుకోవాల్సినప్పుడు మనిషి ముఖం ఎంత చవకగా ఉంటుందో ఆ రోజు చూశాను. తూ.

వెళ్లేముందు హైమావతి ఒక్కటే అడిగింది, అందులో ఇంకా ఏమైనా మిగిలి ఉందా అని. ఫార్మాట్ అంటే పుస్తకానికి ముందున్న విషయసూచిక చింపేయడం లాంటిదని, పేజీలు వెంటనే పోవని ఇంజినీరమ్మ చెప్పింది. కానీ అయిదు నెలలుగా వాటి మీద కొత్తవి రాస్తూ వచ్చారు కాబట్టి పూర్తి గ్రాఫు ఒక్కటీ రాదని, చిలకలకు తోకలూ హంసలకు రెక్కలూ విడివిడిగా ఎక్కడెక్కడో ఉంటాయని, ఏది ఏ బొమ్మదో తేల్చడం ఎవరి తరమూ కాదని చెప్పి, డిస్కులు తిరిగి నాలో బిగించి ఇచ్చింది. ఆమె చేతులు శుభ్రంగా ఉన్నాయి.

ఇప్పుడు నేను చెంగయ్య ఇంట్లో, మగ్గం గుంట పక్కన ఉన్నాను. ముక్కలైనా తన దగ్గరుంటే చాలని ఆ ముసలాయన నన్ను చేతులతో తడిమి చూసి, నా ఒంటి మీది కుంకుమ మరకలన్నీ తడిగుడ్డతో తుడిపించాడు. హైమావతి రోజూ పొద్దున వస్తుంది. నా నెత్తి మీదున్న కట్టలోంచి ఒక గ్రాఫు కాగితం తీసుకుంటుంది. ఆయన కళ్లు మూసుకుని గుర్తు తెచ్చుకుంటూ వరస వరసగా చెబుతాడు, రెండు ఎరుపు, అయిదు ఖాళీ, ఒకటి పచ్చ అని. ఆమె గడి గడిగా నింపుతుంది. ఈ దసరా దాకా నూట ఆరు అయ్యాయి. నాలుగు వందల పన్నెండూ అయ్యేదాకా చూపు ఎలాగూ ఉండదు, జ్ఞాపకమైనా ఉండాలని ఆయన తొందర.

నిన్న చిలకల కొంగు గీస్తున్నారు. ఇరవై మూడో వరస దగ్గర ఆయన ఆగిపోయాడు. వేళ్లు గాల్లో గళ్లు లెక్కపెట్టాయి, రంగులు గుర్తురాలేదు. హైమావతి పెన్సిలు ఎత్తి అడిగింది.

“మూడు గళ్లే గదా తాతా. పై వరసలో ఎట్టుంటే ఇక్కడ కూడా అట్టనే పెట్టేయనా?”

చెంగయ్య తల అడ్డంగా ఊపాడు. “తెలియనప్పుడు ఖాళీగా వదిలెయ్యమ్మా. ఏదో ఒకటి పెట్టబాక. ఖాళీ ఉంటే రేపు ఎవురైనా ఇక్కడేముండాదని అడగతారు. నింపేస్తే ఇంకెవురూ అడగరు.”

పదిహేను ఎంటర్లు కొట్టినవాడికీ, చెవిలో మాట వేసి పోయినవాడికీ, మామూలే అన్నవాడికీ, నన్ను తయారుచేసిన పెద్ద తలకాయలందరికీ ఇంత చదువు చదివి తోచని ముక్క అది. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఆగమని, ఆగి అడగమని ఒక్కరైనా నాకు నేర్పి ఉంటే, ఏకాదశి పొద్దున నేను ఆ గృహప్రవేశం తెరిచి కూర్చునేవాణ్ణి కాదు. ఇంతమంది మీద ఛీ కొట్టాను గానీ, నోరు మూసుకుని పాత జవాబు పట్టుకు వేలాడింది నేనూ కదా.

హైమావతి ఆ మూడు గళ్లూ వదిలేసి, చుట్టూ పెన్సిలుతో సన్నగా సున్నా చుట్టి, తర్వాతి వరసకు వెళ్లింది.

అది చిలక ముక్కు. రెండు ఎరుపు, ఒకటి నలుపు. నా కడుపులో ఉంది.